అనంతపురం నుంచి కుక్కను ఫారిన్ తీసుకుపోయేవాళ్లు జాగ్రత్త: దొంగ రేబిస్ రిపోర్టు ఇచ్చినాడు

టైప్ చేస్తా ఉంటే చేతులు వణుకుతా ఉన్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. బెంగళూరులో పెట్ రిలొకేషన్, అంటే పెంపుడు జంతువుల్ని వేరే దేశానికి పంపించే పని, అని చెప్పుకుంటా మన అనంతపురం, హిందూపురం, కడప వైపు ఇండ్లకే వచ్చి కుక్కల పేపర్లన్నీ చేసిపెడతానంటాడే ఒకాయన, తెలుగు బాగా మాట్లాడతాడు, కారు డిక్కీలో ఎప్పుడూ ఒక బోను పెట్టుకుని తిరుగుతాడు, ఆయన గురించే ఈ పోస్టు. మీలో కొంతమందికి తెలిసే ఉంటాడు. పేరు ఇక్కడ రాయను, పోలీసులకి రాసిచ్చినా, అది చాలు.

మా ఆయన మ్యూనిక్‌లో ఉద్యోగంలో చేరినాడు, వెనకాలే నేనూ పిల్లోడూ కరియా పోవాల. కరియ అంటే మా కుక్క, సాయినగర్‌లో వానకి మోరీలో తడిసి పడుంటే మా పిల్లోడు చొక్కాలో చుట్టుకుని ఎత్తుకొచ్చిన నాటు కుక్క. దాన్ని వదిలి పోయే మాటే లేదు ఇంట్లో. తెలిసినాయన ఒకరు ఈ ఏజెంటు నంబరు ఇచ్చినారు. మొత్తం 85 వేలకి మాట్లాడుకున్నాం, 60 వేలు ముందే ఫోన్‌పే చేసినా. చిప్పు (గుర్తింపు నంబరుతో చర్మం కింద పెట్టేది), రక్తం టెస్టు (రేబిస్ టీకా ఒంట్లో పనిచేసిందా లేదా చూసేది), గవర్నమెంటు సర్టిఫికెట్టు, బోను అన్నీ అందులోనే అన్నాడు. అక్కా మీరు టికెట్ బుక్ చేసుకోండి, మిగతాది నాకు వదిలేయండి అన్నాడు. సరే అన్నాం.

ఇంటికొచ్చినాడు. మెడ దగ్గర మైక్రోచిప్ వేసినాడు, అదే కూర్చున్న చోటే ముందు కాలికి సూది పెట్టి రక్తం తీసినాడు. రేబిస్ టీకా మళ్లీ వేయాల్నా అని నేనే అడిగినా. అవసరం లేదక్కా, మీ టీకా బుక్కులో ఉంది కదా అన్నాడు. అది జులై 6న జూనోసిస్ డేకి (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల గురించి జరిపే రోజు) పశువుల ఆసుపత్రిలో ఉచితంగా వేస్తారు కదా, అప్పుడు వేయించింది. కరియకి సూదంటే భయం, బయటోళ్లు చెయ్యేస్తే ఊరుకోదు, అందుకని నేనే దాని తల నా ఒడిలో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నా. నన్ను చూస్తానే గమ్మున ఉండిపోయింది. ఆ రక్తం ట్యూబు చొక్కా జేబులో పెట్టుకుని, కాఫీ తాగి పోయినాడు. రక్తం జర్మనీలో ఈయూ (యూరోపియన్ యూనియన్) గుర్తింపు ఉన్న ల్యాబుకి పంపుతా ఉన్నా అని చెప్పినాడు. కొన్ని వారాలకి వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. పైన ల్యాబు గుర్తు, కింద సంతకం, మధ్యలో మా కరియ చిప్పు నంబరు, రిజల్టు 4.2. కనీసం 0.5 ఉండాలంట, మనోడు హీరో అక్కా అని మెసేజ్ కూడా పెట్టినాడు. పిల్లోడు ఆ మెసేజ్ చూసి ఇల్లంతా గంతులేసినాడు.

టికెట్ తేదీ దగ్గర పడింది. ఇండియా నుంచి కుక్క బయటికి పోవాలంటే ఏక్యూసీఎస్ అని సెంట్రల్ గవర్నమెంటు క్వారంటైన్ ఆఫీసు సర్టిఫికెట్టు ఇవ్వాల. మనకి దగ్గర బెంగళూరు, లేదంటే హైదరాబాదు. కరియని వెనక సీట్లో వేసుకుని తెల్లారుజామున బయల్దేరి బాగేపల్లి టోల్ దాటేసరికే ఎండెక్కింది. ఏజెంటు అక్కడికే వస్తానన్నాడు, రాలేదు. మీరు పోయి చూపించండక్కా ఫార్మాలిటీనే అన్నాడు ఫోన్లో.

అక్కడి డాక్టరు మర్యాదగానే మాట్లాడినారు, ఆయన మీద నాకు ఏ కంప్లయింటూ లేదు, ఆయన లేకుంటే ఇంకా ఘోరం జరిగేది. స్కానర్ పెట్టి చిప్పు చదివినారు, నంబరు సరిపోయింది. తర్వాత బుక్కు తిప్పి, చిప్పు కాగితం పక్కన పెట్టి, అమ్మా చిప్పు కంటే టీకా తేదీ ముందుంది, యూరప్‌కి ఇది చెల్లదు అన్నారు. చిప్పు ముందు వేయాలంట, ఆ తర్వాత వేసిన రేబిస్ టీకానే లెక్కంట. ఎందుకంటే చిప్పు లేకుండా టీకా వేస్తే ఏ కుక్కకి వేసినారో రుజువేముంది? ఆ టీకా వేసినాక కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయాల. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు నిండినాకనే కుక్క యూరప్‌లో అడుగు పెట్టాల. ఇండియా వాళ్ల సేఫ్ లిస్టులో లేదు కాబట్టి మనకి ఈ రూలు. అంటే నాకు వాడు చేసింది మొదటి మెట్టు నుంచే తప్పు. చిప్పు వేసిన పూటే రక్తం తీస్తే ఆ రక్తం దేనికీ పనికిరాదు, ఈ పని చేసి బతికేవాడికి అది తెలీదా?

ఆయన ఇంకో మాట కూడా అన్నారు, నాకు అదే కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. ఈ రిపోర్టు తేడాగా ఉందమ్మా, ఒకసారి ల్యాబుకే మెయిల్ పెట్టి కనుక్కోండి అన్నారు. రక్తం ఎట్ల పంపినారు అనడిగితే జేబులో పెట్టుకుని పోయినాడని చెప్పినా. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టినారు. రక్తం అట్లే పంపరంట, సెంట్రిఫ్యూజ్ మిషన్‌లో గిర్రున తిప్పి సీరం (రక్తంలో పైకి తేలే నీళ్లలాంటి భాగం) వేరు చేసి, చిప్పు నంబరు ట్యూబు మీద రాసి, ఐస్ ప్యాకుల్లో పెట్టి, ఫారంలో డాక్టరు సంతకం స్టాంపు వేసి పంపుతారంట. మా ఇంట్లో ఇవేవీ జరగలా.

ఆ రాత్రి మారతహళ్లిలో మా చిన్నాయన వాళ్లింట్లో ఉన్నాం. ల్యాబు వెబ్‌సైటులో మెయిల్ ఐడీ చూసి రిపోర్టు పంపించినా. మరుసటి రోజే జవాబొచ్చింది. ఈ నంబరుతో మా దగ్గర ఈ చిప్పున్న జంతువు లేదు, ఈ రిపోర్టు మేం ఇచ్చింది కాదు. అంతే రెండు వాక్యాలు. చదివినదాన్నే మళ్లీ మళ్లీ చదివినా.

ఫోన్ చేసినా. స్పీకర్‌లో పెట్టినా, మా చిన్నాయన పక్కనే ఉన్నాడు. మొదట ఏదో టెక్నికల్ ప్రాబ్లమ్ అక్కా అన్నాడు. మెయిల్ చదివి వినిపించినాక కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత గొంతే మారిపోయింది. మీరెందుకు మేడం ల్యాబుకి మెయిల్ పెట్టినారు అన్నాడు! నా మీదకే వచ్చినాడు. అందరికీ ఇదే రిపోర్టు ఇస్తాం, పేరూ నంబరూ మార్చి ఇస్తాం, ఇంతవరకూ ఎవురూ అడగలే, మీరొక్కరే ఇంత రాద్ధాంతం చేస్తా ఉండారు అన్నాడు. నేను ఒక్కటే అడిగినా. కరియ రక్తం ఏం చేసినావు? నవ్వినాడు. నిజంగా నవ్వినాడండీ. దాన్నేం చేస్తాం మేడం, దారిలో పారేసినా అన్నాడు.

డబ్బు పోయినందుకు కాదు నాకు ఇంత కోపం. ఆ కుక్క నన్ను నమ్మి కాలు చాపింది. నేను పట్టుకున్నా కాబట్టి చాపింది. ఇంకొకరైతే కరిచేది. దాని ఒంట్లో రక్తం తీసుకుని, మా ఇంట్లో మా కాఫీ తాగి, మా పిల్లోడి తల నిమిరి, హైవే పక్కన పారేసి పోయినాడు. తీసింది ఊరికే మాకు చూపించడానికి. పని జరుగుతా ఉందని మేం నమ్మాల, అందుకు దానికి సూది పొడిచినాడు. అబద్ధం రిపోర్టు ఇచ్చేవాడు రక్తం తీయకుండానే ఇచ్చుండొచ్చు కదా, ఆ నొప్పి అయినా తప్పేది దానికి.

ఇంకా ఆపలేదు వాడు. నాటు కుక్కే కదా మేడం, బ్రీడ్ కూడా కాదు, ఇక్కడే ఎవురికన్నా ఇచ్చేసి పోండి, ఆ ఖర్చుతో అక్కడ మంచి కుక్క కొనుక్కోవచ్చు అన్నాడు. మా చిన్నాయన ఫోన్ లాక్కుని తిట్టినాడు, అప్పుడు కట్ చేసినాడు. అప్పట్నుంచి నా నంబరు బ్లాకు. వాట్సాప్ ఫోటో కూడా తీసేసినాడు.

కాగితం ఒకటి లేకపోతే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు ఇది చదవండి. ఆ రిపోర్టుతో నేను ఫ్లైట్ ఎక్కి మ్యూనిక్‌లో దిగి ఉంటే అక్కడి అధికారులు పేపర్లు చూసి కుక్కని ఆపేస్తారు. యూరప్ రూల్లో మూడే దార్లు ఉన్నాయి. వచ్చిన దేశానికి తిప్పి పంపడం, లేకుంటే మన ఖర్చుతో క్వారంటైన్‌లో పెట్టడం, ఈ రెండూ కుదరకపోతే ఆఖరికి దానికి ఇంజెక్షన్ ఇచ్చి చంపేయడం. ఆ మూడోది చదివినాక నాకు నిద్ర పట్టలా. ఇంతవరకూ ఎవురూ అడగలే అని వాడు చెప్పినాడే, అడిగేది అక్కడ, మనం వెనక్కి రాలేని చోట. రేబిస్ వచ్చిందంటే మనిషికైనా కుక్కకైనా బతుకు లేదు కాబట్టి ఆ దేశాలు అంత గట్టిగా ఉన్నాయి, అందులో తప్పేం లేదు. మన దగ్గర ప్రతి ఏడూ ఎంతమంది పిల్లలు కుక్క కాటుకి ఆసుపత్రి చుట్టూ తిరుగుతా ఉండారో మనకి తెలుసు కదా. అట్లాంటి జబ్బుకి ఇచ్చే కాగితాన్ని కంప్యూటర్లో పేరు మార్చి అమ్ముతాడా? ఇది మోసం మాత్రమే కాదు, దీని కంటే పెద్ద మాట ఏదన్నా ఉంటే అది.

టికెట్లు క్యాన్సిల్ చేసినాం, పోయింది పోయింది. మా ఆయన అక్కడ ఒక్కడే ఉన్నాడు, స్కూలు అడ్మిషన్ వెనక్కి జరిగింది. ఇక్కడ మన పశువుల డాక్టరు దగ్గర చిప్పు మళ్లీ స్కాన్ చేయించి రేబిస్ టీకా కొత్తగా వేయించినా, స్టిక్కరు, బ్యాచ్ నంబరు, తేదీ, సంతకం, స్టాంపు అన్నీ దగ్గరుండి చూసుకున్నా. 30 రోజులు అయినాక రక్తం, ఆ తర్వాత మూడు నెలలు. ఒక మంచి సంగతి ఏమంటే, ఈ టెస్టు ఒకసారి పాసయి, ఆ తర్వాత టీకా గడువు ఒక్కరోజు కూడా దాటకుండా వేయిస్తా పోతే యూరప్‌కి మళ్లీ టెస్టు అవసరం లేదంట. గడువు దాటిందా, మళ్లీ మొదట్నుంచి.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లయింటు ఇచ్చినా, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ చాట్, ల్యాబు మెయిల్ అన్నీ పెట్టినా. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది, అక్కడా పెట్టినా. డబ్బు వస్తుందో రాదో, వాడి మీద ఒక కాగితం అయినా ఉండాల.

పోయేవాళ్లకి నేను చెప్పేది కొంచెమే. ఏజెంటు పెట్టుకున్నా సరే రక్తం మీ డాక్టరు దగ్గరే తీయించండి, ల్యాబు పేరు ముందే అడిగి యూరోపియన్ కమిషన్ సైటులో ఉన్న లిస్టులో ఉందో లేదో చూసుకోండి, కొరియర్ నంబరు మీ చేతికి తీసుకోండి. యూరప్ ఫార్మాట్ హెల్త్ సర్టిఫికెట్టు గవర్నమెంటు డాక్టరు సంతకం పెట్టిన రోజు నుంచి 10 రోజులే చెల్లుతుంది, అందుకని అది ఆఖర్న. కుక్క ఒక రోజు మనం ఒక రోజు పోవాల్సి వస్తే మధ్యలో 5 రోజులకి మించకూడదు, మించితే కమర్షియల్, అంటే వ్యాపారానికి తెచ్చిన కుక్క లెక్కలోకి పోతుంది, వేరే రూల్స్. ఫిన్లాండ్, ఐర్లాండ్, యూకే పోయేవాళ్లకి దిగడానికి 24 గంటల నుంచి 120 గంటల ముందు నులిపురుగుల మందు డాక్టరు చేత్తోనే వేయించి రాయించుకోవాల. అమెరికాకి 2024 ఆగస్టు 1 నుంచి రూల్స్ మారినాయి, ఆరు నెలలు నిండని కుక్కని అసలు రానివ్వరు, ఇండియా వాళ్ల హై రిస్క్ లిస్టులో ఉంది, వాళ్ల ఫారాలు వేరే, పాత పోస్టులు చూసి చేసుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది. అందరికీ ఇదే రిపోర్టు ఇస్తాం అని వాడి నోటితోనే చెప్పినాడు. అంటే మీలో ఎవురి దగ్గరో అదే పీడీఎఫ్ ఉంది. బెంగళూరు ఏజెంటు దగ్గర ఇంటికొచ్చి రక్తం తీయించుకున్నోళ్లు ఉంటే రిపోర్టు తెరిచి చూడండి, ఎడమ పక్క పైన నంబరు ఉంటుంది, ఆ నంబరూ మీ చిప్పు నంబరూ రాసి ల్యాబుకి ఈ రోజే మెయిల్ పెట్టండి. మెయిల్ ఐడీ వాడు పంపిన పీడీఎఫ్ మీద ఉన్నది కాదు, ల్యాబు సొంత వెబ్‌సైటులో ఉన్నది తీసుకోండి. ఇంగ్లీషులో ఎట్ల రాయాలో తెలీకపోతే నాకు మెసేజ్ పెట్టండి, నేను రాసిన మెయిలే పంపిస్తా, నంబర్లు మార్చుకుంటే చాలు. టికెట్ ఈ వారంలో ఉన్నోళ్లు అయితే మెసేజ్ కూడా వద్దు, నేరుగా ఫోన్ చేయండి, రాత్రయినా ఎత్తుతా.