నెల్లూరులో ఒక రోజు: పులుసు వేళకు చేరితే చాలు

చెన్నై, విజయవాడల మధ్య తిరిగేవాళ్ళలో చాలామందికి నెల్లూరంటే హైవే పక్కన కనబడే చేపల పులుసు బోర్డులే. ఊళ్ళోకి దిగితే చూడ్డానికి పెద్ద పెద్ద కోటలేమీ లేవు, ఆ మాట నిజమే. పెన్న ఒడ్డున ఒక పాత గుడి, ఒక చెరువు, దాని గట్టున దర్గా, పాతిక కిలోమీటర్ల అవతల సముద్రం. తిండికి మాత్రం ఏ ఊరికీ తీసిపోదు. అందుకని రోజంతా తిండి వేళల్ని బట్టి కట్టుకుని, గుడీ బజారూ మధ్యలో ఇరికించుకోవాలి. ముందు ఊరంతా తిరిగి, మూడింటికి ఆకలితో హోటలు వెతుక్కునేవాళ్ళే "ఏముందండీ నెల్లూర్లో" అంటూ రైలెక్కుతారు.

పొద్దున ఏడు, ఎనిమిదికల్లా దిగే రైలు చూసుకోండి. స్టేషను ఊరి నడిబొడ్డునే ఉంది కాబట్టి గాంధీబొమ్మ, వీఆర్సీ సెంటర్, ట్రంకు రోడ్డు అంతా దగ్గర దగ్గరే. ముందు కారం దోసె. ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉల్లిపాయ కలిపి నూరిన ఎర్రకారాన్ని దోసె మీద పూసి, పైన పుట్నాలపొడి చల్లి, నెయ్యి వేసి కాలుస్తారు. పెనం ముందు ఒక్క నిమిషం నిలబడితే చేయి తెలిసిపోతుంది. దోసె పైతడి ఆరాక కారం పూస్తే దోసె కరకరలాడుతుంది, కారం పచ్చివాసన పోతుంది. రద్దీలో తొందరపడి తడిపిండి మీదే పూస్తే కారం పిండిలో కలిసిపోయి, నడుమ ముద్దగా వస్తుంది. కారం తట్టుకోలేనివాళ్ళు "కారం పలచగా, నెయ్యి ఎక్కువ" అని ముందే చెప్పాలి, పూశాక చేసేదేమీ లేదు. పక్కనే పులిబొంగరాలు కనబడితే వదలొద్దు. పులిసిన దోసెపిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి నూనెలో వేసేవి, వేడిగా ఉన్నంతసేపే వాటి రుచి. బుట్టలో చల్లారినవి పెడితే వద్దనండి, నూనె పీల్చుకుని సాగుతాయి.

తర్వాత ఆటోలో రంగనాయకులపేట. తల్పగిరి రంగనాథస్వామి గుడి పెన్న ఒడ్డునే. స్వామికి తల్పం కావడానికి ఆదిశేషుడే కొండగా మారాడని స్థలపురాణం, అందుకే తల్పగిరి. ఎత్తయిన గాలిగోపురం, అద్దాల మండపం చూడాలి. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి పదకొండులోపు దర్శనం అయిపోయేలా చూసుకోండి. ఎండాకాలంలో రాతిపరుపు మీద చెప్పుల్లేకుండా నడవలేరు, ఇంకా ముందే వెళ్ళాలి. ఒడ్డుకెళితే పెన్న నిండుగా కనబడుతుందనుకోవద్దు. వానలు పడి, పైన సోమశిల డ్యాము నుంచి నీళ్ళు వదిలితేనే ఆ కళ. మిగతా రోజుల్లో ఇసుకే ఎక్కువ.

ఇక అసలు సంగతి, చేపల పులుసు. పన్నెండున్నర, ఒంటిగంట మధ్య కూర్చోవాలి. రెండు దాటితే మంచి ముక్కలు అయిపోయి తోకలు మిగులుతాయి. చాలాచోట్ల భోజనంతో వచ్చేది ఉత్త పులుసే. ముక్కకు వేరే లెక్క, పైగా చేపను బట్టి రేటు మారుతుంది. కూర్చోగానే అడిగేస్తే బిల్లు దగ్గర గొడవుండదు.

ఏ చేప అన్నది మీకు ముళ్ళతో ఉన్న పరిచయాన్ని బట్టి. పిల్లలుంటే, అలవాటు లేకపోతే కొర్రమీనుగానీ వంజరంగానీ తీసుకోండి, నడిముల్లు తీసేస్తే దాదాపు అంతా కండే. బొచ్చెలో సన్నముళ్ళు ఎక్కువ, పొట్టముక్క అడిగితే కాస్త నయం. నెల్లూరువాళ్ళు వేలు చూపించేది బొమ్మిడాయిల వైపు. ఆ రుచి వేరు, కానీ అది అన్ని రోజులూ దొరకదు. దొరికిన రోజు ధర గురించి ఆలోచించకూడదు.

అసలైన పులుసును చూడగానే పట్టుకోవచ్చు. పైన నూనె తేలి ఉండాలి. పులుపు చింతపండుదీ మామిడికాయదీ కలిసి రావాలి, కాయలు దొరికే కాలంలో మామిడి ముక్క కనబడి తీరాలి. చివర్లో మెంతుల వాసన తగలాలి. చిక్కదనం కోసం జీడిపప్పో కొబ్బరో రుబ్బిపోస్తే అది కూర, పులుసు కాదు. వేయించిన ముక్కను అప్పటికప్పుడు గ్రేవీలో వేసి తెచ్చేదీ అంతే, ముక్క లోపల చప్పగా ఉంటుంది. పులుసు ముక్కలోకి దిగడానికి గంటలు పడుతుంది. అందుకే పొద్దున వండింది మధ్యాహ్నానికి బాగుంటుంది, రాత్రి వండింది మర్నాటికి ఇంకా బాగుంటుంది. "అన్నా, నిన్నటి పులుసుందా?" అని అడగడం ఇక్కడ తప్పు కాదు, తెలిసినవాళ్ళు అడిగే మాటే. ముక్కలు చిదిరిపోయి ఉంటే మాత్రం వండేటప్పుడు గరిటె పెట్టారనో, పదేపదే వేడిచేశారనో అర్థం. గిన్నెను గుడ్డతో పట్టుకుని తిప్పాలేగానీ గరిటె పెట్టకూడదు.

మధ్యాహ్నం ఎండ వేళ చిన్నబజారు. నగలు, బట్టలు, ఇరుకు సందులు. కారు తీసుకెళితే మీకే నరకం. వెంకటగిరి చీరలు ఊళ్ళోనూ దొరుకుతాయి. జాందానీ, అంటే నేతలోనే చేత్తో బుటాలు వేసిన చీర, అని చెప్పి చూపిస్తే తిరగేయండి. చేత్తో నేసిన బుటా రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. వెనక కత్తిరించిన దారాల కొసలు కుచ్చులా ఉంటే అది జాందానీ కాదు, ఆ ధర ఇవ్వక్కర్లేదు. మలై కాజా కూడా ఇక్కడే కట్టించుకోండి. తాపేశ్వరం మడతకాజాలా పొరలుండవు. మెత్తగా, పాకం పీల్చుకుని, కోవాతో ఉంటుంది. ఆ కోవా వల్లే ఎక్కువ రోజులు ఆగదు. వారం తర్వాత పంచుదామని కిలోలు కొనొద్దు.

సాయంత్రం స్వర్ణాల చెరువు గట్టు, బారాషహీద్ దర్గా. మామూలు రోజుల్లో అరగంట చాలు. మొహర్రం నెలలో రొట్టెల పండగకైతే కథే వేరు, ఊళ్ళో గది దొరకదు. పద్ధతి ఇదీ: కోరిక ఉన్నవాళ్ళు చెరువు నీళ్ళలో నిలబడి, అదే కోరిక తీరినవాళ్ళ చేతి నుంచి రొట్టె తీసుకుని తింటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, వీసా రొట్టె కూడా. కోరిక తీరాక మళ్ళీ వచ్చి రొట్టె ఇవ్వాలి. ఇంగ్లిషు క్యాలెండర్ లెక్కన ఈ పండగ ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది, తేదీ చూసుకోకుండా టికెట్లు కొనొద్దు.

మైపాడు బీచికి సాయంత్రం పరిగెత్తాల్సిన పనిలేదు. తూర్పు సముద్రం కదా, అక్కడ చూడాల్సింది సూర్యోదయం. చీకటి పడితే వెనక్కి బండి దొరకడమూ కష్టమే. రాత్రి ఊళ్ళో ఉండి తెల్లారుజామున వెళ్ళండి. మోకాళ్ళు దాటి లోతుకు పోవద్దు, కింద లాగేస్తుంది. రెండోరోజు ఉంటే పెన్నకు ఉత్తరాన జొన్నవాడ కామాక్షమ్మ, దక్షిణాన నరసింహకొండ ఒక పూటలో అవుతాయి. మే నెలలో రాకండి. అక్టోబరు, నవంబరు వానలకూ తుపాన్లకూ పెట్టింది పేరు. జనవరి, ఫిబ్రవరి సుఖం. అప్పుడైతే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) కూడా ఉంటాయి.

పులుసు ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు వేడివేడిగా ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోవద్దు. స్టీలు క్యారియర్ వెంట తెచ్చుకుని, పూర్తిగా చల్లారిన పులుసు గిన్నెలో ముప్పావు వంతే పోయించి, మూత గట్టిగా బిగించండి. రైల్లో పై బెర్తు మీద పెట్టకండి. కింద, సీటు గోడకు ఆనించి.