బంకమట్టిలో బంగారం: ఎండబెట్టి నానబెట్టాలా, మిక్సర్‌లో తిప్పాలా, మందు కలపాలా?

బంకమట్టి ఉండలు ఎంతకీ కరగడం లేదు, ఏం చేయాలని ఈ మధ్య వరసగా అడుగుతున్నారు. అడిగినవాళ్ళలో చాలామంది మట్టిని తవ్వింది తవ్వినట్టే, పచ్చిగానే బకెట్‌లో పడేస్తున్నారు. నా లెక్కలో అసలు తప్పు అక్కడే ఉంది.

కరగని ఉండ స్లూస్‌లోకి, అంటే నీళ్ళు పారుతుంటే బరువైన బంగారం అడ్డుపట్టీల దగ్గర ఆగిపోయే వాలు తొట్టిలోకి, వెళ్తే తనలోని బంగారం ఇవ్వదు సరికదా, దొర్లుకుంటూ పోతూ అప్పటికే ఆగిన సన్న బంగారు రేణువుల్ని కూడా అంటించుకుని బయటపడుతుంది. మొదట్లో నేను పారేసిన ఉండల్ని ఒకసారి ఏరి తెచ్చి, విరగ్గొట్టి పాన్ చేశాను, అంటే వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళతో ఆడించి కడిగాను. స్లూస్‌లో ఆగినదానికంటే వాటిలోనే ఎక్కువ దొరికింది, ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

అందుకే ముందు ఎండబెట్టమంటాను. బాగా ఎండిన మట్టి సందుల్లో ఉండేది గాలి, నీళ్ళలో వేయగానే నీరు అన్ని వైపులనుంచీ లోపలికి దూరుతుంది, మధ్యలో చిక్కిన గాలి బయటికి తన్నుతుంది, గడ్డ దానంతటదే పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది. పచ్చిగడ్డలో ఆ సందులన్నీ ముందే నీళ్ళతో నిండి ఉంటాయి కాబట్టి రాత్రంతా నానినా పైపొర మాత్రమే జారుతుంది. నమ్మకం లేకపోతే రెండు గ్లాసుల్లో ఒక ఎండుగడ్డ, ఒక పచ్చిగడ్డ వేసి చూడండి. ఒక్క జాగ్రత్త, బెంటొనైట్ లాంటి ఉబ్బే మట్టి పైన జిగురు పొర కట్టి లోపలికి నీళ్ళు పోనివ్వదు, దాన్ని బాగా చిన్న ముక్కలు చేసి మధ్యమధ్యలో కలుపుతూ ఉండాలి.

పదుల బకెట్ల మట్టి ఉంటే కాంక్రీట్ మిక్సర్ మేలే. 1850ల్లో ఆస్ట్రేలియాలోని బెండిగోలో గుండ్రటి కాలువలో మట్టీ నీళ్ళూ పోసి గుర్రంతో దంతెలు లాగించేవాళ్ళు, పని అదే. పిడికిలంత రాళ్ళు నాలుగు వేసి నీళ్ళు ధారాళంగా పోయండి. నీళ్ళు తగ్గితే మట్టి కరగడం పోయి ఇంకా పెద్ద ఉండలు కడుతుంది, పైగా చిక్కటి బురదలో సన్న బంగారం అడుగుకు దిగకుండా ఒంపేసిన నీళ్ళతోనే పోతుంది. ఇందులోనూ ఎండిన మట్టే వేస్తాను, తిప్పే సమయం బాగా తగ్గుతుంది.

ఇక మందులు, అంటే నీళ్ళలో కలిపే రసాయనాలు. సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ నిజంగానే మట్టి రేణువుల్ని విడదీస్తుంది, కానీ ఆ నీళ్ళు రోజుల తరబడి తేటపడవు, అవే నీళ్ళు మళ్ళీ వాడుకునేవాళ్ళకు తలనొప్పి. వాగులోకి అసలు వదలకూడదు. ఉప్పు వేయకండి, అది మట్టిని విడదీయడానికి బదులు ముద్ద కట్టిస్తుంది. డిష్ సోప్ పాన్‌లో సన్న బంగారం తేలిపోకుండా ఆపడానికే, మట్టి గడ్డలతో దానికి సంబంధం లేదు. వెనిగర్ సంగతి వదిలేయండి.

ఎండ లేని రోజుల్లో డ్రిల్‌కు పెయింట్ కలిపే రాడ్ తగిలించి బకెట్‌లో తిప్పుతాను, మురికి నీళ్ళు ఒంపే ముందు కాసేపు ఆగుతాను. అడుగున గులక, ఇసుక మాత్రమే మిగిలాకే స్లూస్ దగ్గరికి. వేళ్ళ మధ్య నొక్కితే జిగురుగా జారే ముద్ద ఒక్కటి తగిలినా మళ్ళీ బకెట్‌లోకే.