గుజరాతీ గల్లీ: జామ్‌కి సొంత వాయిద్యాలు చేసుకునేవాళ్లు ఏం కొనాలి, ఏం వదిలేయాలి

నలుగురూ చేరి తోచింది వాయించుకునే జామ్‌కి సొంతంగా వాయిద్యాలు తయారు చేసుకోవాలంటే హైదరాబాద్‌లో మొదట వెళ్లాల్సింది ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లుండే కోఠి గుజరాతీ గల్లీకే. కొన్ని సామాన్లు ఆన్‌లైన్‌లో ఇంకాస్త చవకగా దొరకొచ్చు. కానీ మోగాల్సిన వస్తువును మోగించి చూసి కొనే వీలు అక్కడ ఉండదు. ఆ ఒక్క కారణంతోనే మా ఓటు గల్లీకి. అయితే చిన్న బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా భాగాలు గుచ్చి కలిపే పలక), 9 వోల్టుల బ్యాటరీ, నాలుగు వైర్లు వెంట తీసుకెళ్లాలి. అవి లేకపోతే గల్లీకి వెళ్లి కూడా గుడ్డిగా కొన్నట్టే. ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగి నడవండి, బండి మీద వెళ్తే పెట్టుకోవడానికి చోటు దొరకదు.

ముందు పీజో బిళ్లలు, అంటే దెబ్బ అదురును కరెంటు సిగ్నల్‌గా మార్చేవి. 27 మిల్లీమీటర్లవి, వైర్లు అతికించి ఉన్నవే అడగండి. ఇత్తడి బిళ్ల మీద తెల్లటి సిరామిక్ పొర, దాని మీద పల్చటి వెండి పూత ఉంటాయి. సోల్డరింగ్ ఐరన్ ఆ పూత మీద రెండు మూడు సెకన్లు ఎక్కువసేపు ఆనితే పూత లేచిపోతుంది, బిళ్ల ఇక పనికిరాదు. వైర్లు అతికిన చోట కదులుతున్నాయేమో కొట్లోనే చూసుకోండి. ఒకటి రెండు అదనంగా కొనడం మంచిది, ఖరీదు ఎలాగూ తక్కువే.

చాలామంది బోల్తా పడేది దీని తర్వాతే. పీజోతో పాటు రెడీమేడ్ ఎల్ఎం386 యాంప్లిఫయర్ బోర్డు కొని, రెండూ నేరుగా కలిపేస్తారు. డబ్బా మీద కొడితే గుమ్మని మోగాల్సింది టిక్కుటిక్కుమంటుంది. తప్పు పీజోది కాదు. 27 మిల్లీమీటర్ల బిళ్ల సుమారు 20 నానోఫారడ్ల కెపాసిటర్ లాంటిది. ఆ బోర్డు మీద ఉండే వాల్యూమ్ ప్రీసెట్ 10 కిలోఓమ్‌లు. ఈ రెండూ కలిస్తే 800 హెర్ట్జ్ కింద ఉన్నదంతా సన్నగిల్లిపోతుంది. అదే 1 మెగాఓమ్ మీదికి పంపితే 8 హెర్ట్జ్ దాకా దిగుతుంది. అందుకని మధ్యలో టీఎల్072 ఐసీతో ఒక బఫర్ (పీజో మీద భారం పడకుండా సిగ్నల్‌ను ముందుకు పంపే సర్క్యూట్) పెట్టాలి. 10 కిలోఓమ్‌ల రెసిస్టర్లు రెండు బ్యాటరీకి అడ్డంగా వరుసలో పెట్టి మధ్యలో 4.5 వోల్టులు తీయండి, అక్కడి నుంచి గ్రౌండ్‌కి (బ్యాటరీ మైనస్‌కి) 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్. ఐసీ 3వ కాలుకి అదే 4.5 నుంచి 1 మెగాఓమ్, పీజో ఒక వైరు కూడా ఆ కాలుకే, 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ మీదుగా, రెండో వైరు గ్రౌండ్‌కి. 1, 2 కాళ్లు కలిపేయండి. 1వ కాలు నుంచి 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ మీదుగా ఎల్ఎం386 బోర్డుకి. 8వ కాలు ప్లస్, 4వది గ్రౌండ్. మిగిలిన సగాన్ని గాలికి వదలకండి: 6, 7 కలిపి, 5ని 4.5కి కట్టేయండి. పీజో నుంచి బఫర్ దాకా షీల్డ్ వైరే (చుట్టూ లోహపు జాలి తొడుగు ఉన్నది) వాడాలి, అది మరీ పొడవైతే హమ్ (గుయ్‌మనే మోత) రావచ్చు.

బిళ్లను అతికించడానికి బేగంబజార్‌లో పల్చటి స్టీలు డబ్బా తెచ్చుకోండి. మందపాటి డబ్బా ఖరీదు ఎక్కువ, మోత తక్కువ. అడుగున నట్టనడుమ అతికిస్తే బరువైన దెబ్బ బాగా పడుతుంది. కాస్త పక్కకు జరిపితే గణగణ కూడా వినిపిస్తుంది. పెళ్లి బరాత్‌ల్లో మోగే మర్ఫా దరువు విన్న ఊరు కాబట్టి పాత్ర మీద కర్రతో ఎక్కడ కొట్టాలో ఎవరికీ నేర్పక్కర్లేదు. స్పాంజి ఉన్న డబుల్ టేపు వాడొద్దు, పైస్వరాలన్నీ అదే మింగేస్తుంది. ఎంసీల్ పల్చగా పూసి అద్దితే చాలు.

గల్లీలో కొనదగ్గ అసలైన వస్తువు మాత్రం సీడీ40106 ఐసీ. ఒక్క ఐసీలో ఆరు ఆసిలేటర్లు (తమంతట తామే కూత పుట్టించే సర్క్యూట్లు), అంటే ఆరుగురికి తలా ఒక స్వరం. 1వ కాలు నుంచి గ్రౌండ్‌కి 104 (0.1 మైక్రోఫారడ్) కెపాసిటర్, 1కీ 2కీ మధ్య రెసిస్టర్, అంతే. అడిగితే కొన్ని కొట్లలో ‘రెండూ ఒకటే’ అంటూ 74హెచ్‌సీ14 ఇస్తారు. కాళ్ల అమరిక ఒకటే, కానీ అది 6 వోల్టుల దాకానే. 9 వోల్టులు ఇస్తే పోతుంది. ఐసీ మీద అక్షరాలు చదివి, కౌంటర్ దగ్గరే పరీక్షించండి. 14వ కాలుకి ప్లస్, 7కి మైనస్, వాడని 3, 5, 9, 11, 13 కాళ్లు గ్రౌండ్‌కి, రెసిస్టర్ 10 కిలోఓమ్‌లు. 2వ కాలుకీ గ్రౌండ్‌కీ మధ్య పీజో బిళ్ల పెడితే అదే స్పీకరై సుమారు 1200 హెర్ట్జ్ కూత వేస్తుంది. కూత రాకపోతే ఇంకొకటి అడగండి.

జామ్‌కి రెసిస్టర్ బదులు 1 మెగాఓమ్ పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) పెట్టి, దానికి వరుసలో 1 కిలోఓమ్ వేయండి. ఒక చివర టకటక, ఇంకో చివర కీచు. పాట్ బదులు ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి మారే రెసిస్టర్) పెడితే చెయ్యి నీడతో స్వరం జారుతుంది, పిల్లలు దాన్ని వదలరు. ఆరు అవుట్‌పుట్లనూ తలా ఒక 100 కిలోఓమ్‌ల మీదుగా ఒకచోట కలపండి. దగ్గరి స్వరాల్లో ఉన్న రెండు ఆసిలేటర్లు ఒకదానికొకటి అతుక్కుపోతుంటే ఐసీ కాళ్ల దగ్గరే 14కీ 7కీ మధ్య ఒక 104, ఒక 100 మైక్రోఫారడ్లు తగిలించండి. చవక 9 వోల్టుల బ్యాటరీతో ఎల్ఎం386 వాల్యూమ్ పెంచితే బుడబుడమంటుంది. ఆరు పెన్సిల్ సెల్స్ ఉన్న హోల్డర్ కొనుక్కుంటే ఆ బాధ ఉండదు.

ఈ ఆసిలేటర్లు బ్యాటరీ తగ్గేకొద్దీ శ్రుతి తప్పుతాయి కాబట్టి శ్రుతికి పీవీసీ గొట్టాలే ఆధారం. అవి రాణిగంజ్‌లో కొనండి, వీధి చివర హార్డ్‌వేర్ కొట్టయినా సరే. 50 మిల్లీమీటర్ల గొట్టం 3 మీటర్లుంటే మోహన రాగం స్వరాలన్నీ వచ్చేస్తాయి: సకు 64 సెంటీమీటర్లు, రి 56.5, గ 50.5, ప 41.5, ద 37, పై స 30.5. రెండు చివరలూ తెరిచి ఉండాలి. స 261.6 హెర్ట్జ్, గాలి వేడి 30 డిగ్రీలు అనుకుని వేసిన లెక్క ఇది. ఏసీ హాల్లో 20 డిగ్రీలుంటే గొట్టాలన్నీ కలిసి కొద్దిగా కిందికి జారతాయి. వాటి మధ్య పేచీ రాదు, పక్కన హార్మోనియం ఉంటేనే తెలుస్తుంది. గొట్టం చివర కొట్టడానికి పాత హవాయి చెప్పు చాలు. కొట్టి వెంటనే లేపాలి. చెప్పు అలాగే ఆనించి ఉంచితే గొట్టం ఒకవైపు మూసుకుపోయి స్వరం దాదాపు ఒక స్థాయి కిందికి పడుతుంది. కోసేటప్పుడు అర సెంటీమీటరు ఎక్కువే ఉంచి, ట్యూనర్ చూస్తూ ఆకురాయితో అరగదీయండి. ఎక్కువ అరిగితే చివరన గట్టి ప్లాస్టిక్ షీటు చుట్టి, టేపు వేసి పొడవు పెంచుకోవచ్చు.