‘చలికాలం స్పెషల్’ హెయిర్ ఆయిల్ కొంటున్నారా? ముందు సీసా వెనక్కి తిప్పండి

చలి మొదలైతే చాలు, ఫోన్ తెరిస్తే ఆర్గాన్ నూనె (మొరాకోలో పెరిగే ఓ చెట్టు గింజల నూనె) ప్రకటనలే. నేనూ ఆ మాయలో పడ్డాను. బ్రాండు పేరు చెప్పను. ఇదే సరుకుని రకరకాల పేర్లతో అమ్మేవాళ్లు బోలెడుమంది, అందుకని గుర్తులు చెప్తాను, పట్టుకోండి.

ఈసారి చలి పెరగగానే నాకు మాడంతా దురద, ముదురు రంగు బట్టలు వేసుకుంటే భుజాల మీద తెల్లగా పొట్టు. మాడు ఎండిపోయింది, నూనె పట్టిస్తే సరి అనుకున్నా. ప్రకటనలోనూ అచ్చం అదే మాట: ‘పొట్టు రాలుతోందా? మీ మాడుకి దాహం వేస్తోంది.’ వెంటనే తెప్పించేశా. రాత్రి రాసుకుని పొద్దున్నే తలస్నానం, వారానికి మూడుసార్లు అని ఉంది.

మొదటి వారం బ్రహ్మాండం. జుట్టు నిగనిగలాడింది, దువ్వెన జారిపోయేది. రెండో వారానికి దురద రెట్టింపైంది. మూడో వారంలో ఒకరోజు దువ్వుకుని చూస్తే దువ్వెన పళ్ల సందుల్లో పసుప్పచ్చగా, మైనంలా జిడ్డు పొలుసులు. నీళ్లు పోస్తే పోలేదు, సూదితో గీకాల్సొచ్చింది. చెవుల వెనకా, కనుబొమల్లోనూ ఎర్రబడి పొట్టు లేచింది.

అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే వచ్చిన జవాబు: ‘మొదట్లో అలాగే ఉంటుందండీ, లోపలి మురికంతా బయటికొస్తోంది. ఆపకండి, రోజు విడిచి రోజు రాయండి.’ చదువుకున్నదాన్ని, అయినా నమ్మాను! ఇంకో రెండు వారాలు రాశాను. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఈ జవాబే. మాడుకి రాసింది పడకపోతే మురికి బయటికి రావడం ఉండదు, చర్మం మండటమే ఉంటుంది. ‘ఆపకండి’ అన్నారంటే ఆ క్షణమే ఆపేయండి.

చివరికి చర్మ డాక్టరు దగ్గరికెళ్లా. పొడి మాడు కాదట, సెబోరిక్ డెర్మటైటిస్ అట. చుండ్రే, కాస్త ముదిరిన రూపం. మన మాడు మీద మలసేజియా అనే ఈస్ట్ (కంటికి కనిపించని ఒక రకం ఫంగస్) ఎప్పుడూ ఉంటుంది. చర్మం నుంచి ఊరే జిడ్డే దాని తిండి. అది తిని వదిలే కొవ్వు ఆమ్లాలు పడనివాళ్లకి మాడు ఎర్రబడి, దురదపెట్టి, పొలుసు లేస్తుంది. చలికాలంలో ఇది ఎక్కువవుతుంది కాబట్టి మనం ‘పొడిబారింది’ అని పొరబడతాం. నిజంగా పొడిబారితే రాలే పొట్టు సన్నగా, పొడిగా ఉంటుంది, దులిపితే పోతుంది. ఇది పెద్దపెద్ద పొలుసులు, పచ్చగా, జిడ్డుగా. రెండూ చూశాక తేడా తెలిసిపోతుంది గానీ, చూసేదాకా ఎవరికి తెలుసు?

ఇంటికొచ్చి సీసా తీశా. వెనకవైపు, పదార్థాల జాబితా మీద సరిగ్గా కప్పేలా ఆఫర్ స్టిక్కర్ అంటించి ఉంది. వేడినీళ్ల గుడ్డ పెట్టి మెల్లగా ఊడదీశా. చీమ తలకాయంత అక్షరాలు. మొదటి పేరు లిక్విడ్ పారాఫిన్ (పెట్రోలియం నుంచి తీసే నూనె), రెండోది ఆలివ్ నూనె, తర్వాత సువాసన, రంగు. ఆర్గాన్ చిట్టచివర. జాబితాలో ఎక్కువ మోతాదున్నది ముందు రాస్తారు. ఒక శాతం కన్నా తక్కువున్నవాటికి మాత్రమే ఆ వరస పట్టింపు లేదు. సువాసన కన్నా కింద ఉన్న ఆర్గాన్ ఎన్ని చుక్కలుంటుందో మీరే ఊహించుకోండి.

పారాఫిన్ విషమేం కాదు. వెంట్రుక మీద పూతలా నిలిచి మెరుపిస్తుంది, అందుకే ఆ మొదటివారం వైభోగం. కొబ్బరి నూనెలా లోపలికి ఇంకదు, అంతే. దాన్ని ఆర్గాన్ అని అమ్మడం మోసం. అసలు దెబ్బ రెండో పేరు దగ్గరుంది: ల్యాబుల్లో ఈ ఈస్టుని పెంచడానికి ఆలివ్ నూనే వేస్తారట! నేను ఐదు వారాలు దానికి రాత్రి భోజనం పెట్టానన్నమాట.

డబ్బు వెనక్కి అడిగితే ‘సీలు తీశారు కదా’ అన్నారు. సీలు తీయకుండా ఎలా రాసుకోవాలో చెప్పలేదు.

డాక్టరు నూనె మానిపించి కీటోకొనజోల్ అనే, ఈ ఈస్టుని తగ్గించే మందున్న షాంపూ ఇచ్చారు, వారానికి రెండుసార్లు, నురగ ఐదు నిమిషాలు ఉంచి కడగమన్నారు. మూడు వారాల్లో తగ్గింది. మీకూ అదే అని కొనేసుకోకండి, సోరియాసిస్ అనే ఇంకో చర్మవ్యాధి కూడా ఇలాగే కనిపించొచ్చు. కనుబొమలు, చెవుల దాకా పాకితే చూపించుకోండి. ఊడిన వెంట్రుకలు చూసి హడలిపోయి ఇంకో సీసా కొనొద్దు, రోజుకి 50 నుంచి 100 దాకా ఊడటం మామూలే.

చలిలో జుట్టు పొడిబారదా అంటే బారుతుంది, ముఖ్యంగా చివర్లు. దానికి నేను చేస్తున్నది ఇంతే: మరిగే నీళ్లు మానేసి గోరువెచ్చటివి, కండిషనర్ మాడుకి తగలకుండా చివర్లకి, తడి జుట్టు సన్న దువ్వెనతో లాగకపోవడం. నూనె కావాలంటే అదీ చివర్లకే, రెండు చుక్కలు. కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూడండి.

ఆన్‌లైన్‌లో కొనేముందు వెనకవైపు ఫోటో పంపమని అడగండి. మొన్న పరీక్షగా ఇద్దరు అమ్మకందార్లని అడిగా. ఒకరు పది నిమిషాల్లో పంపారు. రెండోవాళ్లకి మూడుసార్లు రాశాను, మూడుసార్లూ ముందువైపు ఫోటోనే వచ్చింది.