హోస్టింగ్ మార్చి రెండేళ్లయింది, ఆ ఉచిత మైగ్రేషన్ మీద కోపం మాత్రం పోలేదు

బరంపురంలో మా మామయ్యది పట్టుచీరల కొట్టు. దాని వెబ్‌సైటు చూసేది నేనే, జీతం లేని ఉద్యోగం. తిత్లీ తుఫాను వచ్చిన ఏడాది, 2018లో ఒక కాలేజీ కుర్రాడి చేత పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయించాం. పాత హోస్టింగ్, అంటే సైటుని ఉంచే అద్దె సర్వర్, రానురాను మొరాయించింది, మా ఊరి అమ్మవారి ఠాకురాణి జాతర రోజుల్లో అయితే పేజీ తెరుచుకునేలోపు వెళ్లి టీ తాగి రావచ్చు. అందుకే మార్చాను. కొత్తదాని వేగం, స్టోరేజీ, ఎస్ఎస్ఎల్ భద్రత గురించి అందరూ రాసేశారు, నా గొడవంతా "మీ సైటు మేమే ఉచితంగా మార్చి పెడతాం" అన్న మాటతోనే.

మార్చారు, అబద్ధమాడను. పొద్దున పాస్‌వర్డులిస్తే సాయంత్రానికల్లా "పని పూర్తయింది, చూసుకోండి" అని మెయిల్, దాంతోపాటు డొమైన్ని (సైటు చిరునామాని) కొత్త సర్వర్ వైపు తిప్పకముందే చూసుకోడానికి తాత్కాలిక లింకు. మొదటి పేజీ తెరిచాను. చీరల ఫొటోలు, ఇంగ్లీషు మెనూ, అన్నీ చకచకా వచ్చేశాయి. ఇంకేం, డొమైన్ కొత్త సర్వర్ వైపు తిప్పేసి భోజనానికి కూర్చున్నా. లోపలి పేజీ ఒక్కటి నొక్కి చూడకపోవడం నా తప్పే.

తొమ్మిదింటికి మామయ్య ఫోను. "ఏటిరా ఇది, చీరలకి జ్వరం గాని వచ్చిందా?"

నా ఫోన్‌లో చూస్తే బాగానే ఉంది. ఆయన అరుస్తున్నాడు, నేను బాగానే ఉందంటున్నాను, ఇలా పావుగంట. తీరా చూస్తే నా ఫోను ఇంకా పాత సర్వర్‌కే వెళ్తోంది, ఆయనది కొత్తదానికి వెళ్తోంది. పాత చిరునామాని ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే టీటీఎల్ అనే గడువుని ముందురోజే తగ్గించి పెట్టుకోవాలని తర్వాత తెలిసింది. ఆయన పంపిన స్క్రీన్‌షాట్ చూస్తే కళ్లు తిరిగాయి. తెలుగు అక్షరం ఉండాల్సిన ప్రతిచోటా నెత్తిన గీతతో ఇంగ్లీషు 'ఏ', పక్కన థర్మామీటర్ మీదుండే డిగ్రీ సున్నా, కొన్నిచోట్ల ప్లస్-మైనస్ గుర్తు. ఒడియా పేజీలదీ అదే గతి, గుర్తులే వేరు.

కొత్త కంపెనీ సపోర్ట్ చాట్‌లో మొదట దొరికినాయన మూడుసార్లు క్యాష్ (బ్రౌజర్ దాచుకున్న పాత కాపీలు) క్లియర్ చేయమన్నాడు. చేశాను, మూడుసార్లూ. అర్ధరాత్రి దాటాక వచ్చిన ఇంకొకాయన మాత్రం స్క్రీన్‌షాట్ చూడగానే విషయం పట్టేశాడు. మా పాత డేటాబేసు నడిచేది మైఎస్‌క్యూఎల్ అనే సాఫ్ట్‌వేర్ 5.7 వెర్షన్ మీద. 8.0 వెర్షన్ రాకముందు మనం ఏమీ చెప్పకపోతే టేబుళ్లకి ల్యాటిన్1 (పడమటి యూరప్ భాషల అక్షరాల పద్ధతి) అనే పేరే పడేది. లోపల ఉన్నదేమో అన్ని భాషలూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో రాసిన తెలుగు, ఒక్కో అక్షరానికి మూడేసి బైట్లు. ఉప్పు డబ్బా మీద పంచదార అని రాసి ఉన్నట్టన్నమాట. ఇంట్లోవాళ్లకి అలవాటే కాబట్టి ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు, కొత్త వంటమనిషి పేరు చదివి పాయసంలో పోశాడు. అలాగే సైటు మార్చినవాళ్లు ల్యాటిన్1 అన్న పేరు నమ్మి, ఒక్కో బైటునీ విడి అక్షరమనుకుని మళ్లీ యూటీఎఫ్-8లోకి మార్చేశారు. ఆ రెండో ఆయన పాత సర్వర్ నుంచి ల్యాటిన్1గానే మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి, ఫైల్లో ఆ పేరు తీసి యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్-8కి పేరు) అని పెట్టి ఎక్కించాడు. నలభై నిమిషాల్లో తెలుగు తిరిగొచ్చింది. పాత హోస్టింగ్ గడువు ఇంకా పదకొండు రోజులుంది కాబట్టి సరిపోయింది గాని, ముందే మూసేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించను కూడా. మధ్యలో వచ్చిన రెండు ఆర్డర్లు కొత్త డేటాబేసుతో పాటు పోతాయని గుర్తొచ్చి, అడ్రసులు నోటుబుక్కులో రాసుకున్నా. ఒకటి రాయగడది, ఒడియాలో ఉంది, నా ఒడియా చేతిరాత ఎవరికీ చూపించను.

ఆ రెండో ఆయన్ని చూసి అప్పట్లో ఊళ్లో ఇద్దరు ముగ్గురికి ఇదే కంపెనీ చెప్పాను. ఈమధ్య రెండుసార్లు చాట్‌కి వెళ్తే క్యాష్ క్లియర్ బాపతు వాళ్లే తగిలారు. సైటు వేగంగానే ఉంది, మొన్న జాతరకి కూడా కదలకుండా నిలబడింది. రెన్యువల్ ధర మాత్రం మొదట కట్టినదానికి రెట్టింపు పైనే చూపిస్తోంది.

మీ సైటంతా ఇంగ్లీషులోనే ఉంటే బహుశా మీకీ తలనొప్పి రాదు, కళ్లు మూసుకుని తీసుకోవచ్చేమో. మాది మూడు భాషల కొట్టు, పైగా పాత డేటాబేసు. మూడేళ్లకి కట్టేశాం కనక ఇంకో ఏడాది ఇక్కడే. తర్వాత మారితే మటుకు ఎక్స్‌పోర్ట్ నేనే చేసుకుంటా, ఉచితమన్నా సరే.