ఉప్పుగాలికి నిలిచే బాస్ గిటార్ తీగలు: ఏ సెట్ కొనాలి, ఏది వద్దు

మన ఊళ్ల షాపుల్లో "అన్నా, బాస్ స్ట్రింగ్స్ ఉన్నాయా?" అని అడిగితే ఎదురొచ్చే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: "ఫోర్ స్ట్రింగా, ఫైవ్ స్ట్రింగా?" నాలుగంటే ఓ ప్యాకెట్ చేతిలో పెడతారు. స్కేలు (తీగ మోగే పొడుగు) ఎంత, గేజ్ (తీగ లావు) ఎంత, చుట్టు ఎలాంటిది, లోహం ఏది అన్న మిగతా ప్రశ్నలన్నీ ఇంటికొచ్చి బిగించాక ఆ తీగే అడుగుతుంది. అప్పటికి దాన్ని కత్తిరించేసి ఉంటారు, వెనక్కివ్వడానికి ఉండదు.

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఆర్కెస్ట్రాల్లోనూ చర్చిల్లోనూ బాస్ వాయించేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్న రివ్యూ ఇది. ఇక్కడ తీగ అరిగి చావడం తక్కువ. చెమటకీ ఉప్పుగాలికీ అంతకంటే ముందే చస్తుంది. మామూలు రౌండ్‌వౌండ్ తీగలో లోపల ఉక్కు తీగ, దాని మీద గుండ్రటి సన్న తీగ చుట్టు ఉంటాయి. చుట్టుకీ చుట్టుకీ మధ్య గాడి. చేతి చెమటలో ఉప్పు, చర్మం జిడ్డు, స్టేజీ దుమ్ము ఆ గాడిలో చేరి గట్టిపడతాయి. మొదట పోయేది మెరుపు. తర్వాత మురికి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పేరుకోవడంతో తీగ బరువు సమంగా ఉండదు. అప్పుడిక ఓపెన్‌గా, అంటే ఎక్కడా నొక్కకుండా, మీటితే శ్రుతిలో ఉన్న తీగ, పన్నెండో ఫ్రెట్ (లోహపు మెట్టు) దగ్గర నొక్కితే తప్పుతుంది. బ్రిడ్జ్ (బాడీ మీద తీగ కొస ఆనే భాగం) మరలు ఎంత తిప్పినా అది కుదరదు.

మెరుపు పోతే పోనీ, బాస్‌కి మెరుపెందుకు అనేవాళ్లున్నారు. నాలుగు తీగల్లో అన్నిటికంటే లావైన ఇ తీగ ఓపెన్ స్వరం 41 హెర్ట్జ్. పందిట్లో పెట్టే మామూలు బాక్సులు చాలావరకు అంత కిందికి గట్టిగా పలకవు. జనం చెవికి అందేది 82, 123 హెర్ట్జ్ దగ్గరుండే పై స్వరాలే. వాటిని బట్టి కింది స్వరాన్ని చెవే పోల్చుకుంటుంది. తీగ చచ్చిపోతే ఆ పై స్వరాలూ పోతాయి, మిగిలేది "దబ్ దబ్" మాత్రమే. ఇళయరాజా పాటల్లోలా సన్నవైన డి, జి తీగల మీద పైకెక్కి తిరిగే బాస్ లైను వాయిస్తుంటే ఈ తేడా ఇంకా తెలిసిపోతుంది.

బ్రాండ్ కంటే ముందు స్కేలు చూడాలి. నట్ (తలకట్టు దగ్గర తీగలు ఆనే సన్న పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్ వరకు టేపు పెట్టి కొలిచి రెట్టింపు చేయండి. 17 అంగుళాలొస్తే 34, అంటే లాంగ్ స్కేల్. 15 వస్తే 30, షార్ట్ స్కేల్. షార్ట్ స్కేల్ సెట్‌ని లాంగ్ స్కేల్ బాస్‌కి ఎక్కిస్తే తీగ సన్నబడే భాగం నట్ ఇవతలికే వచ్చేస్తుంది, లేదంటే కీ (తలకట్టు మీద తీగని బిగించే మర) దాకా చాలదు. లాంగ్ సెట్‌ని షార్ట్ బాస్‌కి వేస్తే లావు భాగమే కీ గూటంలో మెలి తిరుగుతుంది, చుట్టు అక్కడే విప్పుకుంటుంది. తీగని బాడీ వెనక నుంచి ఎక్కించే బాస్ అయితే ఇంకాస్త పొడుగు కావాలి.

ప్యాకెట్ మీద 45, 65, 80, 100 అని ఉండేది గేజ్, అంగుళంలో వెయ్యోవంతు లెక్క. 100 అంటే 2.54 మిల్లీమీటర్లు. 34 స్కేలుకి 45-100, 45-105 రెండూ మామూలే. ఇ తీగ ఒక్కదాన్నే చూస్తే 105లో లాగుడు సుమారు పదోవంతు ఎక్కువ. వేళ్లతో మెత్తగా వాయించేవాళ్లకి 100 హాయి. గాయకుడి కోసం బాస్ మొత్తాన్ని అర స్వరం దించితే లాగుడు 11 శాతం, పూర్తి స్వరం దించితే 21 శాతం పడిపోతుంది. 100 తీగ అక్కడ తాడులా ఊగి ఫ్రెట్లకి కొట్టుకుంటుంది. దించి వాయించే అలవాటుంటే 105 కొనండి. ఐదు తీగల బాస్‌కి బి తీగ 130 గానీ 135 గానీ ఉండాలి, 125 వదులుగా అనిపిస్తుంది.

ఇక సెట్ల సంగతి.

డాడారియో ఇఎక్స్ఎల్170. నికెల్ పూత వేసిన ఉక్కు చుట్టు, 45-65-80-100. ఏం కొనాలో తెలియనివాళ్లకి మా జవాబు ఇదే. కొత్తలో మోగుతుంది కానీ చెవిలో గుచ్చదు. రెండు మూడు ప్రోగ్రాములకి ఆ గలగల తగ్గి మధ్యస్థంగా స్థిరపడుతుంది, అసలు వాడకం అక్కడి నుంచే. నాలుగు తీగలూ ఒకే మట్టంలో పలకడం దీని బలం. పూర్తిగా సీల్ వేసిన సంచిలో వస్తుంది కాబట్టి ఏడాది అల్మారాలో ఉన్నా తుప్పు భయం తక్కువ. 105 కావాలంటే ఇదే తీరులో ఇఎక్స్ఎల్165 ఉంది. లోపమల్లా చెమటకి రక్షణ లేకపోవడమే. వారానికి రెండు మూడు ప్రోగ్రాములుంటే రెండు నెలలకోసారి మార్చడానికి సిద్ధపడాలి. చేతులు ఎక్కువ చెమట పట్టేవాళ్లకి అంతకంటే ముందే.

ఎర్నీ బాల్ స్లింకీ బాస్ కూడా నికెల్ జాతే. పేర్లతోనే తికమక: సూపర్ అంటే 45-100, హైబ్రిడ్ అంటే 45-105, రెగ్యులర్ అంటే 50-105. "రెగ్యులర్" అన్న మాట చూసి మామూలుదే కదా అని తీసుకుంటే మూడింట్లో లావైనది చేతికొస్తుంది. పైదీ ఇదీ రెండూ దొరికితే తక్కువ ధరది కొనండి. తేడా కోసం అంతకుమించి వెతకడం దండగ.

రోటోసౌండ్ స్వింగ్ బాస్ 66 స్టెయిన్‌లెస్ స్టీలు. ఇంగ్లండు కంపెనీ. 1966లో ద హూ రాక్ బృందం బాసిస్ట్ జాన్ ఎంట్విసిల్‌తో కలిసి ఈ తీగకి రూపం ఇచ్చారు, పేరులో 66 అందుకే. పియానో ఎడమచేతి తీగలా ఖంగుమంటుంది. తుప్పు పట్టడం నికెల్ కంటే తక్కువ, కానీ గాడిలో మురికి చేరడం దీనికీ తప్పదు కాబట్టి మెరుపు దీనికీ పోతుంది. వేళ్ల కింద ఆకురాయిలా ఉంటుంది. ఫ్రెట్లనూ త్వరగా తింటుంది. ఇక్కడే ఆలోచించాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వీణకి మెట్లు మైనంలో కూర్చుతారు కాబట్టి తేడా వస్తే మళ్లీ మేళం కట్టించుకోవచ్చు, అంటే మెట్లు సరిచేయించుకోవచ్చు. బాస్‌కి ఫ్రెట్లు చెక్కలో దిగగొట్టి ఉంటాయి. అరిగితే పీకి కొత్తవి వేసి, మట్టం చేసి, గుండ్రం తీయాలి. ఆ పని తెలిసిన చెయ్యి దగ్గర్లో లేకపోతే ఈ తీగ జోలికి వెళ్లకండి. నికెల్ తగిలితే వేళ్లు దురద పెట్టేవాళ్లకి మాత్రం ఇదొక దారి.

ఎలిక్సర్ నానోవెబ్. తీగ మొత్తానికి సన్నటి పూత ఉండటంతో గాడిలోకి చెమట దిగదు. ధర మామూలు నికెల్ సెట్‌కి దాదాపు రెట్టింపు. మన ఉక్కపోతలో ఆ డబ్బు గిట్టుతుందా అంటే, చేతులు బాగా చెమట పట్టే మనిషికి గిట్టుతుంది. అతని దగ్గర మామూలు సెట్ మూడు వారాల్లో నల్లబడితే ఇది నెలల తరబడి నిలుస్తుంది. పొడి చేతులవాళ్లకి అనవసరం. పిక్‌తోనో స్లాప్‌తోనో (బొటనవేలితో కొట్టి) వాయిస్తే దెబ్బ పడేచోట పూత తెల్లటి పీచుగా లేస్తుంది. అంత మాత్రాన తీగ పాడైనట్టు కాదు, కానీ అక్కడి నుంచి తేమ లోపలికి దిగడం మొదలవుతుంది. కొత్తలో వేలు జారుతున్నట్టు ఉంటుంది, అది నచ్చనివాళ్లూ ఉన్నారు.

ఫ్లాట్‌వౌండ్ సంగతి వేరు. చుట్టు బల్లపరుపు రిబ్బనుతో ఉంటుంది, గాడే ఉండదు. మురికి చేరే చోటు లేదు కాబట్టి ఏళ్ల తరబడి మార్చక్కర్లేదు. అమెరికా మోటౌన్ కంపెనీ రికార్డుల్లో వాయించిన జేమ్స్ జేమర్సన్ లాబెల్లా కంపెనీ లావు ఫ్లాట్లు వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదన్నది ప్రసిద్ధం. చర్చిలో, ముఖ్యంగా కీబోర్డు, కోరస్‌తో నెమ్మది పాటలకి ఇది చక్కగా కలిసిపోతుంది, వేలు జరిపితే కీచుమనదు. బహిరంగ స్టేజీ మీద చిన్న బాక్సులతో మాత్రం పై స్వరాలు తక్కువై మాట ముద్దవుతుంది. డాడారియో క్రోమ్స్ 45-100 మంచి ఫ్లాట్లే కానీ అదే గేజ్ రౌండ్ తీగల కంటే బిర్రుగా ఉంటాయి. వేశాక నెక్, అంటే బాస్ మెడ, ముందుకు వంగితే ఆశ్చర్యపోవద్దు.

కొనేటప్పుడు ఇంకో బోల్తా: ప్యాకెట్ మీద ఫాస్ఫర్ బ్రాంజ్ అని ఉంటే అది అకౌస్టిక్ బాస్‌కి. ఎలక్ట్రిక్ బాస్‌లో తీగ కదలికని పట్టే పికప్ అయస్కాంతంతో పనిచేస్తుంది, కంచు చుట్టుని అది పట్టించుకోదు, లోపలి ఉక్కునే పట్టుకుంటుంది. శబ్దం సన్నగా, నీరసంగా వస్తుంది. మరీ చవగ్గా దొరికిన పేరున్న సెట్ మీద అనుమానం ఉంటే ఏ లేత్ మిషన్ షాపులోనైనా వెర్నియర్‌తో కొలిపించండి. 100 తీగ 2.54 మి.మీ.కి దగ్గరగా ఉండాలి. అచ్చు తప్పులు, సీలు లేని సంచి, గరుకుగా కనిపించే చుట్టు, ఇవీ గుర్తులే.

బిగించడంలోనే సగం తీగలు పాడవుతాయి. నాలుగూ కలిసి నెక్ మీద సుమారు 75 నుంచి 80 కిలోల లాగుడు వేస్తాయి కాబట్టి అన్నీ ఒకేసారి తీయకుండా ఒక్కొక్కటే మార్చండి. పాతదాన్ని పూర్తిగా వదులు చేశాకే కత్తిరించాలి, బిర్రుగా ఉన్నప్పుడు కోస్తే కంటికి తగులుతుంది. కొత్త తీగని బ్రిడ్జ్‌లోంచి లాగి, దాని కీ దాటి ఇంకో 10-12 సెంటీమీటర్ల దగ్గర ముందు గట్టిగా లంబంగా వంచి, ఆ వంపు అవతల కత్తిరించాలి. వంచకుండా కోస్తే చుట్టు లోపలి తీగ మీద జారిపోతుంది. పైకి ఏమీ కనబడదు, కానీ ఆ తీగ మొదటి రోజు నుంచే మూగగా ఉంటుంది. "కొత్త సెట్‌లో ఇ తీగ చచ్చిపోయి వచ్చింది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. కోసిన కొసని కీ గూటం నడిమి కన్నంలోకి దించి, గాడిలో వంచి, రెండున్నర మూడు చుట్లు పై నుంచి కిందికి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా రావాలి. ఎ తీగకి ఇంకో చుట్టు ఎక్కువున్నా మంచిదే. డి, జి తీగల్ని తలకట్టు మీద అణచిపెట్టే చిన్న బిళ్ల ఎ తీగకి చాలా బాసుల్లో ఉండదు. చుట్లు పైనే ఆగిపోతే నట్ మీద ఒరిగి, ఓపెన్ ఎ జిర్రుమంటుంది.

శ్రుతి చేశాక నట్ ముందూ శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే దిమ్మ) ముందూ బొటనవేలితో తీగని ఒక్కసారి కిందికి నొక్కండి. లావు తీగ అక్కడ విల్లులా లేచి ఉంటుంది, నొక్కితే సరిగ్గా మడత పడుతుంది, శబ్దం వెంటనే తేటపడుతుంది. మధ్యలో పట్టుకుని మెల్లగా పైకి లాగి మళ్లీ శ్రుతి చేయడం మూడు నాలుగుసార్లు. 100 నుంచి 105కి మారినప్పుడు నట్ గాడి ఇరుకైతే శ్రుతి చేస్తుంటే "టిక్" మని జారుతుంది. గాడిని వెడల్పు చేయాలే కానీ లోతు చేయకూడదు.

ఒక రాత్రి వదిలేసి తర్వాత నెక్ చూడండి. ఇ తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా, పదిహేడో ఫ్రెట్ దగ్గరా నొక్కిపట్టి ఏడో ఫ్రెట్ పైన సందు చూస్తే విజిటింగ్ కార్డు మందం, అంటే 0.3 మి.మీ. ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపలి ఉక్కు కడ్డీని) బిగించే వైపు పావు చుట్టు, అంతకుమించి ఒకేసారి వద్దు. వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఈ లెక్క మారుతుంది, మళ్లీ చూసుకోవాలి. పదిహేడో ఫ్రెట్ మీద తీగ ఎత్తు ఇ దగ్గర 2.4, జి దగ్గర 2 మి.మీ. మామూలు కొలత. చివర్లో ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలోనూ శ్రుతి కుదర్చడం): పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ (తీగని నొక్కకుండా అక్కడ తాకి మీటితే వచ్చే స్వరం) కంటే నొక్కిన స్వరం ఎక్కువైతే శాడిల్‌ని వెనక్కి, తక్కువైతే ముందుకి. ఇది చచ్చిన తీగల మీద చేస్తే సెట్ మార్చగానే మళ్లీ మొదటికొస్తుంది.

వాయించాక పొడి నూలు గుడ్డతో పైనా, కింది వైపూ తుడవండి. కొబ్బరినూనె గానీ మిషన్ ఆయిల్ గానీ రాయొద్దు, తుప్పు ఆగినా గాడి నిండి శబ్దం చస్తుంది. ఉడకబెడితే మురికి వదిలి కొన్ని రోజులు బతుకుతుంది, అది నిజమే. పూత లేని తీగల్ని పది నిమిషాలు మరిగించి, పూర్తిగా ఆరబెట్టి వేయాలి. కానీ గూటం దగ్గర రెండోసారి వంగేచోటే తెగుతుంది, ఒకటి రెండుసార్లకి మించి ఆ పని చేయకండి. వంట గిన్నె మాత్రం వాడొద్దు.

సెట్ మార్చినప్పుడు పాత తీగల్ని చుట్టలుగా చుట్టి, పేరు రాసి బ్యాగులో వేసుకోండి. సిరిమానోత్సవం రాత్రి స్టేజీ మీద జి తీగ తెగితే పాత జి తీగే దిక్కు. ఒకసారి కోసిన తీగ ఇంకో బాస్‌కి పొడుగు చాలకపోవచ్చు, కాబట్టి పక్క బ్యాండువాడిది కాకుండా మీదే ఉండాలి.