గుట్టలో చొక్కా, సందులో టైలరు: విశాఖలో పాతబట్టలకి ఎన్ని మార్కులు?

జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల ఫుట్‌పాత్ మీద టార్పాలిన్ పరిచి పోసే చొక్కాల గుట్టకి షోరూం సుఖాలేవీ లేవు. అద్దం ఉండదు, ట్రయల్ రూం ఉండదు, బిల్లు ఉండదు, రేపు వెళ్తే ఆ మనిషి అక్కడే ఉంటాడన్న పూచీ కూడా ఉండదు. అయినా నెలకి బట్టల మీద ఐదొందలు మించి పెట్టలేనివాళ్లకి నికార్సయిన కాటన్ చొక్కా అందుబాటులో ఉన్నది ఇక్కడే. అందుకే ఈ సరుకుని కూడా షోరూం సరుకులాగే పట్టి చూడాలి. మార్కులు ముందే వేసేస్తున్నాం: చొక్కాలకి 5కి 4, జీన్స్‌కి 3, చీరలకి చూసే కన్నుని బట్టి 2 నుంచి 5, చెప్పులకీ బూట్లకీ సున్నా.

గుట్టంతా ఒకే జాతి సరుకు కాదు. కొన్ని అసలు ఎవరూ తొడగనివి, ఫ్యాక్టరీ తనిఖీలో నెగ్గని సెకండ్స్. కొన్ని మన ఇళ్లలోవే, స్టీలు గిన్నెలకి మారకమేసుకున్న పాతబట్టలు. ఇంకొన్ని విదేశీ వాడకపు సరుకు. విదేశాల్లో వాడేసిన బట్టలు మన దేశంలోకి ఊరికే దిగవు, దిగుమతికి లైసెన్సు కావాలి. గుజరాత్‌లోని కాండ్లా ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లో వాటిని ఏరి గ్రేడు చేసే యూనిట్లున్నాయి. చింపేసిన ఉన్ని సరుకు హర్యానాలోని పానిపట్‌కి వెళ్లి మళ్లీ దారమై దుప్పట్లవుతుంది. అమ్మేవాడు మాత్రం అన్నిటికీ ఒకటే మాట చెబుతాడు: "ఎక్స్‌పోర్ట్ సరుకు బాబూ, అచ్యుతాపురం నుంచి వచ్చింది." అక్కడ ఎగుమతి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలున్నాయి నిజమే, అయినా ఆ మాటని పక్కన పెట్టి చొక్కానే అడగండి, అది అబద్ధం చెప్పదు.

ముందు జేబు తిరగేయండి. అడుగు మూలల్లో నూగులాంటి దూది ఉండచుట్టుకుని ఉంటే అది వాడిన చొక్కా, లేకపోతే సెకండ్స్ అయ్యే అవకాశం ఎక్కువ. తర్వాత ముందు పట్టీ అడుగున లోపలివైపు చూడండి. అక్కడ కుట్టి ఇచ్చే అదనపు గుండీ ఇంకా ఉందంటే ఆ చొక్కా పెద్దగా అరగలేదని లెక్క. కాలర్ లోపల, లేదా అంచు మూలన పసుపు మరక కనిపిస్తే అది మన ఇళ్లలోంచి వచ్చిందే. ఎవరో పండక్కి కొని, పసుపు పెట్టి తొడిగిన చొక్కా అది. కాలర్ పట్టీ మీద చెరగని నల్లసిరాతో రెండు మూడు గీతలుంటే చాకలి గుర్తు. పూర్వం దానికి నల్లజీడి రసం వాడేవారు, ఎన్ని ఉతుకులకీ పోదు. ఆ గుర్తున్న బట్ట బండకేసి బాదించుకుని వచ్చిందన్నమాట. మోచేతులు, భుజం వెనక ఇంకోసారి వెలుతురుకి పట్టి చూసుకోవాలి. లేబుల్ మీద ఆర్‌ఎన్ అన్న అక్షరాల పక్కన అంకెలుంటే అమెరికా మార్కెట్‌కి కుట్టినది. వాళ్ల ఎం మన ఎల్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి సైజు అక్షరాన్ని నమ్మొద్దు.

సెకండ్స్‌లో తప్పు ఎక్కడో ఉండి తీరుతుంది, అది దొరికేదాకా డబ్బు తీయకండి. నీడలో చూస్తే తెలియని రంగు తేడా ఎండలో తెలుస్తుంది: ఒక చెయ్యి నీలం, రెండో చెయ్యి ఇంకాస్త ముదురు నీలం. సూది గుచ్చుకుని పడ్డ చిన్న చిల్లు, ఒకచోట వదిలేసిన కుట్టు, వంకరగా కూర్చున్న జేబు, ఇవన్నీ ఫరవాలేదు. గీతల చొక్కాలో ముందు రెండు పక్కలా గీతలు కలవకపోతే మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

సైజు విషయానికొస్తే, ఇంట్లో మీకు బాగా కుదిరిన చొక్కాని మంచం మీద చదునుగా పరిచి మూడు కొలతలు రాసుకోండి: చంక నుంచి చంకకి, భుజం కుట్టు నుంచి భుజం కుట్టుకి, కాలర్ కింద నుంచి అడుగు అంచుకి. ఉదాహరణకి 21, 18, 29 అంగుళాలు. జేబులో పది రూపాయల టేపు ఉంటే ట్రయల్ రూంతో పని లేదు. చంక దగ్గర రెండంగుళాలు ఎక్కువున్నా తీసుకోవచ్చు, పక్క కుట్లు లోపలికి వేయించడం టైలర్‌కి చిటికెలో పని. భుజం అంగుళం ఎక్కువుంటే మాత్రం వదిలేయండి. చెయ్యి మొత్తం విప్పి, చంక గుండ్రం మళ్లీ కత్తిరించి కుట్టాలి. అందుకు టైలర్ అడిగే కూలి చొక్కా ఖరీదుని దాటిపోతుంది, ఒప్పుకోకపోయినా ఆశ్చర్యం లేదు.

కాలర్ మడత దగ్గర పీచులేచిన చొక్కాని చాలామంది చూడగానే విసిరేస్తారు. మిగతాదంతా బాగుంటే అదే అసలు బేరం. పాతకాలపు టైలర్లు కాలర్‌ని విప్పి, తిరగేసి మళ్లీ కుడతారు. అరిగిన వైపు కిందికి పోతుంది, కొత్త వైపు పైకొస్తుంది. కాలర్ చివర్లకి గుండీలుండే బటన్‌డౌన్ రకానికి ఇది పనికిరాదు, గుండీ కాజాలు అడ్డొస్తాయి.

ధర దగ్గర మా లెక్క ఇది. చొక్కా 120 అనుకోండి, పక్క కుట్లకి 60, రెండు గుండీలకీ ఉతుకుకీ 20 వేసుకుంటే 200. అలాంటి బట్టతో కొత్త చొక్కా 700 ఉంటే బేరం బాగున్నట్టే. మొత్తం ఖర్చు కొత్తదాని ధరలో మూడో వంతు దాటిందా, ఆషాఢం డిస్కౌంట్ దాకా ఆగి కొత్తదే కొనుక్కోవడం మేలు. ఆ డిస్కౌంట్లలో దిగే చవక చొక్కాల్లో పాలియెస్టర్ పాలు ఎక్కువ ఉంటుంది, అది వేరే తలనొప్పి. విశాఖ ఉక్కపోతకి పాలియెస్టర్ చెమటని పీల్చదు, పైగా వాసన పట్టుకుని ఉతికినా వదలదు. అదే పాత కాటన్ అయితే పది ఉతుకులు తిని మెత్తబడి, ఇంక కుంచించుకోవాల్సినంత కుంచించుకుపోయి వస్తుంది. కొత్త చొక్కాకి లేని సుగుణం అది.

బేరం ఆడేటప్పుడు రెండు మూడు కలిపి అడిగితే తగ్గుతుంది నిజమే, చిక్కు కూడా అక్కడే. "మూడు తీసుకో బాబూ, మూడొందలకి ఇచ్చేస్తా" అనగానే అవసరం లేని మూడోది సంచిలో పడుతుంది. రోజూ ఆఫీసుకో కాలేజీకో వెళ్లే మనిషికి ఆరు చొక్కాలు, మూడు ప్యాంట్లు చాలు. వానాకాలంలో బట్ట ఆరడానికి రెండు రోజులు పట్టినా ఆ లెక్క సరిపోతుంది. ఏం కావాలో ఇంట్లోనే చీటీ మీద రాసుకుని వెళ్లండి: "తెల్ల హాఫ్‌హ్యాండ్ ఒకటి, నల్ల ప్యాంటు ఒకటి." అది దొరక్కపోతే ఉత్త చేతులతో తిరిగి రావడం నేర్చుకున్నవాళ్లకే ఈ బజారు కలిసొస్తుంది. బీరువాలో ఆరే ఉండి ఆరూ ఒంటికి కుదిరితే పొద్దున్నే ఏం తొడగాలన్న యాతన ఉండదు. ఇరవై ఉండి నాలుగే కుదిరినవాళ్లది అసలు ఇబ్బంది.

ఇంటికి తెచ్చిన బట్టని మంచం మీద, సోఫా మీద పెట్టకండి. నల్లులు, వాటి గుడ్లు కుట్ల మడతల్లోనే ఉంటాయి. కవరు మూతి కట్టి బాల్కనీలోనో మేడ మీదో ఉంచండి. ముందు లోపలి అంచు ఒకటి తడిపి తెల్ల రుమాలుతో గట్టిగా నొక్కండి. రుమాలుకి రంగంటితే దాన్ని చల్లనీళ్లలో విడిగా ఉతకాల్సిందే. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందన్న మాట పెట్టుకోకండి, ఊడిపోయే రంగుని ఉప్పు ఆపలేదు. రంగు నిలిచిన కాటన్ అయితే మరిగే నీళ్లు ఎన్నో, కుళాయి నీళ్లు అన్నే కలపండి. దాదాపు 60 డిగ్రీలకి వస్తుంది, నల్లులకి ఆ వేడి చాలు. బకెట్‌కి రెండు చెంచాల చాకలి సోడా వేసి, మూత పెట్టి అరగంట నాననిచ్చి, తర్వాత మామూలు సబ్బుపొడితో ఉతకండి. ఎండలో తిరగేసి ఆరేశాక కుట్ల మీద, కాలర్ మడతలో వేడి ఇస్త్రీపెట్టె రెండువైపులా నొక్కి తీయండి. సోడా, మరిగే నీళ్లు పట్టుకీ ఉన్నికీ తగలకూడదు. వాటిని డ్రైక్లీనింగ్‌కి ఇచ్చే స్తోమత ఉంటేనే కొనండి.

చంక దగ్గర పసుపురంగు మరక చెమట, డియోడరెంట్ కలిసి చేసిన పని. దానికి క్లోరిన్ బ్లీచ్ పోస్తే ఇంకా పచ్చబడుతుంది, సోడా నీళ్లలో ఇంకోసారి నానబెట్టడం మేలు. తెల్లబట్ట మీద తుప్పు మరకకి నిమ్మరసం, ఉప్పు రాసి గంట ఎండలో ఉంచి జాడిస్తే చాలావరకు పోతుంది. సూదిమొనలంత నల్లచుక్కలు గుంపుగా ఉంటే అది బూజు, పోదు. వాసన కూడా చాలా చెబుతుంది. కలరా ఉండల వాసన మూడు నాలుగు రోజులు గాలికి వదిలితే ఎగిరిపోతుంది. ముక్కిన వాసన వేస్తే బేలు, అంటే బట్టలు కట్టి తెచ్చిన మూట, తడిసిందని అర్థం. సెంటు కొట్టి ఉంటే ఏదో కప్పిపుచ్చుతున్నారు.

బీచ్‌కి దగ్గర్లో ఉండేవాళ్లు బట్టల్ని సాయంత్రం దాకా మేడ మీద వదలకూడదు. గాలిలో ఉప్పు బట్ట మీద పేరుకుని, రాత్రి తేమని లాక్కుని, ఆరిన చొక్కా కూడా జిగటగా అనిపిస్తుంది. జిప్పులు, హుక్కులు తొందరగా తుప్పు పట్టేదీ అందుకే. పాత ప్యాంటు జిప్పు కాస్త బిర్రుగా ఉంటే కొవ్వొత్తి రుద్దితే సరి. పళ్లు ఊడి ఉంటే మాత్రం కొత్త జిప్పు కూలి కూడా ధరలో కలుపుకోండి.

జీన్స్‌కి మార్కులు తగ్గించింది తొడల లోపలి భాగం వల్ల. రెండు కాళ్లూ కలిసే చోట బట్టని వెలుతురుకి పట్టి చూడండి. దారాలు విడిగా కనిపిస్తే ఇంకో రెండు నెలల్లో చిరుగుతుంది, అక్కడ వేసిన అతుకు నడిచేటప్పుడు ఒరుసుకుంటుంది. సాగే రకమైతే మోకాలి దగ్గర లాగి వదలండి. వెనక్కి ముడుచుకోకపోయినా, తెల్ల ఎలాస్టిక్ దారాలు వెంట్రుకల్లా బయటికొచ్చినా దాని పని అయిపోయినట్టే. కాలి పక్క కుట్టు మోకాలి ముందుకి తిరిగి ఉంటే బట్ట నేతలోనో కోతలోనో వంకర ఉన్నట్టు, ఎంత ఇస్త్రీ చేసినా మళ్లీ తిరుగుతుంది. ఫార్మల్ ప్యాంటుకి వెనక నడుము మధ్య కుట్టులో అదనపు గుడ్డ వదులుతారు కాబట్టి అంగుళం, అంగుళంన్నర వదులు చేయించవచ్చు. జీన్స్‌కి ఆ వెసులుబాటు లేదు, నడుం బిగుతైతే అక్కడే వదిలేయండి.

టైలర్‌కి ఇచ్చేముందు బట్టని ఉతికి ఆరబెట్టి ఇవ్వాలి. ఆల్టరేషన్ అయ్యాక కుంచించుకుంటే ఎవరినీ అనలేం. నోటిమాటగా "కాస్త బిగుతు చెయ్యి బాబూ" అంటే ఆ కాస్త ఎంతో ఆయనకెలా తెలుస్తుంది? ఆది చొక్కా తీసుకెళ్లండి. దసరా, సంక్రాంతి ముందు నెలలో ఆల్టరేషన్ పని ముట్టుకునేవాళ్లు తక్కువ, కొత్త కుట్లతోనే మిషను ఖాళీ ఉండదు.

చీరల్లో అసలు సరుకు చేనేత. అంచు పొడవునా సూదితో గుచ్చినట్టు సన్నటి చిల్లులుంటే మగ్గం మీద నేసినదే అవడానికి అవకాశం ఎక్కువ. పాత పట్టుచీర మాత్రం మడతల దగ్గరే చిట్లుతుంది. పూర్తిగా విప్పి, ఒక్కో మడతనీ వెలుతురుకి పట్టి, రెండు వేళ్లతో నెమ్మదిగా లాగి చూడాలి. ఒక్కచోట చిట్లితే మిగతా మడతలూ అదే దారిలో ఉన్నట్టు. కట్టుకోవడానికి పనికిరాకపోయినా రెండున్నర మీటర్ల బాగున్న భాగం మిగిలితే కుర్తాకి, ఇంకా తక్కువుంటే పిల్ల పరికిణీకి వస్తుంది. ఆ లెక్కతోనే ధర కట్టండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో పాతబట్టలు అమ్మే పేజీల గురించి క్లుప్తంగా: కొలతలు అంగుళాల్లో చెప్పకపోయినా, చంక భాగం ఫొటో పగటి వెలుతురులో తీసి పంపకపోయినా కొనొద్దు. కొరియర్ ఖర్చు కలిపాక ఫుట్‌పాత్ బేరం చాలాసార్లు నెగ్గుతుంది.

రెగ్జిన్ జాకెట్లు, బ్యాగులు పాతవి ముట్టుకోకండి. పైపూత గాలిలోని తేమకి లోలోపలే దెబ్బతిని, ఒక వానాకాలం గడిచేసరికి పొలుసులు పొలుసులుగా రాలుతుంది. బూట్ల అడుగు అతుకుదీ అదే గతి. లోదుస్తుల సంగతి చెప్పక్కర్లేదు. స్వెట్టర్లు, జాకెట్లు మాత్రం పాతవే కొనాలి. ఈ ఊరి చలికి వాటితో పనేముంది? లంబసింగికో అరకుకో వెళ్లే రెండు రోజుల కోసం వేలు పోయడం దండగ. డిసెంబరులో అందరూ అడిగే వేళ కాకుండా ఫిబ్రవరి చివర, మార్చిలో అడిగితే గుట్ట వదిలించుకోవాలని అమ్మేవాడే దిగొస్తాడు.

వాన వెలిసిన మర్నాడు మాత్రం ఏ గుట్ట జోలికీ వెళ్లకండి. పైనున్నవి ఎండినా అడుగున ఉన్నవి ఇంకా తడిగానే ఉంటాయి, మంచి చొక్కాలన్నీ ఎలాగూ అడుగునే ఉంటాయి.